‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ బాలల యానిమేషన్ లఘుచిత్రం: హుజూర్‌నగర్ ప్రాంత దృష్టితో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పసిపిల్లల కోసం తీసిన చిత్రాన్ని పెద్దల అభిరుచితో తూచడం సరికాదు. నీతి మంచిదైతే చిత్రమూ మంచిదే అనడం విమర్శ కాదు. ఫిల్మ్స్ డివిజన్ 1974లో నిర్మించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ దూరదర్శన్ ద్వారా కొన్ని తరాల పిల్లలకు చేరిన హిందీ లఘుచిత్రం. దీనికి విజయా మూలే దర్శకత్వం, భీమ్‌సేన్ యానిమేషన్, వసంత్ దేశాయి సంగీతం సమకూర్చారు. నిడివి సుమారు 7 నిమిషాలు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. హుజూర్‌నగర్ ప్రాంతపు అంగన్‌వాడీలో కూర్చున్న శిశువుకు ఈ చిత్రం ఎంతవరకు అందుతుందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. ప్రశ్నలతో సాగే కథనం

అనేకమంటే ఏమిటని పిల్లలు అక్కను అడుగుతారు. ఆమె నిర్వచనం చెప్పి ఊరుకోక సూర్యచంద్రులను, నక్షత్రాలను చూపి లెక్కలోకి దింపుతుంది. వలలో చిక్కిన పక్షుల కథ నడుమ వ్యాధుడంటే ఎవరని, వాటిని చంపేశాడా అని ప్రశ్నలు వస్తాయి. మొదటి ప్రశ్న కఠినపదాన్ని విప్పుతుంది. రెండవది పసిమనసులోని భయాన్ని బయటికి తెస్తుంది. తెలుగు కథాశ్రవణంలో ‘ఊఁ’ కొట్టడానికి ఉన్న స్థానమే ఇక్కడ ప్రశ్నకు దక్కింది. చివర పిల్లలు తామే కలిసి మామిడిపండ్లు కోయడంతో నీతి క్రియగా మారింది. ఇది చిత్రంలోని ప్రధాన గుణం.

3. రాజు లేని పక్షులు

ఈ కథ తెలుగు పాఠకులకు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మిత్రలాభంలోని చిత్రగ్రీవుని వృత్తాంతంగా పరిచితం. అక్కడ పావురాలకు రాజున్నాడు. నూకలపై ఆశ, రాజు హెచ్చరిక, చిక్కుకున్నాక పరస్పర నింద, ఆ తరువాతే ఐకమత్యం. హిరణ్యకుడు వల కొరకబోగా, ముందు తన పరివారాన్ని విడిపించమని రాజు కోరుతాడు. లఘుచిత్రంలో రాజు లేడు; పక్షులన్నీ కలిసి ఎగురుతాయి, ఎలుకలు వల కొరుకుతాయి. నాయకుని ఆజ్ఞ లేకుండానే సమష్టి కదలడం ఈ మార్పువల్ల కలిగిన లాభం. నష్టమూ ఉంది. కలహం తొలగడంతో ఐక్యత ఏ కష్టమూ లేకుండా సిద్ధించినట్లు కనిపిస్తుంది. తగవుపడి మళ్లీ కలవడం పిల్లల నిత్యానుభవం. దానికి చిత్రంలో చోటు దక్కలేదు.

4. భాషాసమస్య

ఏక్, అనేక్, ఏకతా అనే మూడు పదాల్లోనూ ఒకే ధాతువు వినిపిస్తుంది. పాఠమంతా ఆ ధ్వనిసామ్యంపైనే నిలిచింది. తెలుగులో ‘ఒకటి, అనేకం, ఐక్యత’ అంటే ఆ బంధం తెగుతుంది. ‘ఏకం, అనేకం, ఏకత్వం’ అంటే బంధం నిలుస్తుంది గాని, ‘శానా’ అనే శిశువుకు ఆ మాటలు దూరం. ‘ఒకటి, ఒక్కొక్కటి, ఒక్కటి కావడం’ అనే క్రమం రెండు అవసరాలనూ తీర్చగలదు. నక్షత్రాలు ఒక్కొక్కటిగా చేరి అనేకమవుతాయన్న చిత్రభావానికీ అది సరిపోతుంది. మఠంపల్లి, పాలకవీడు మండలాల తండాల పిల్లలకు ఇంట గోర్‌బోలి, బడిలో తెలుగు; హిందీ ఆ తరువాతిది. భాషలు అనేకమని చెప్పే ముగింపు గీతం ఒకే భాషలో సాగడం ఇలాంటి శ్రోతల ముందే ప్రశ్నగా మారుతుంది.

5. కృష్ణానది: రెండు చిత్రణలు

ముగింపు గీతం గంగా యమునలతోపాటు కృష్ణను కూడా పేర్కొని, నదులన్నీ సముద్రంలో కలిసి ఒక్కటైనాయని చెబుతుంది. హుజూర్‌నగర్ పొలాలకు కృష్ణ మరోలా తెలుసు. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ ఎడమకాలువలో ఒక్క నది పిల్లకాలువలై, పంటబోదెలై, మడిమడికీ పంచుకోబడుతుంది. గీతంలో అనేకం ఏకమవుతుంది. ఆయకట్టులో ఏకం అనేకమవుతుంది. మొదటి ఉపమానంలో నదులు పేర్లు కోల్పోతాయి. రెండవదానిలో ప్రతి మడికీ తన వంతు దక్కుతుంది. ఐక్యతాభావానికి ఈ రెండవ పార్శ్వమూ అవసరం. చిత్రం దానిని స్పృశించలేదు.

6. ముగింపు

ప్రశ్నకు ఇచ్చిన విలువలో, పొదుపైన కథనంలో ఈ లఘుచిత్రం నేటికీ ఆదర్శప్రాయం. కలహాన్ని దాటవేయడం, ఏకత్వాన్ని విలీనంగానే ఊహించడం దాని పరిమితులు. అంగన్‌వాడీలో దీనిని ప్రదర్శించేవారు పక్షులు వాలిన చోట చిత్రాన్ని ఆపి, పిల్లలచేత వారి వారి ఇంటిభాషల్లో వాటిని లెక్కించేట్లు చేస్తే, చిత్రం చెప్పదలచిన అనేకత్వం ఆ గదిలోనే వినిపిస్తుంది.