ఆదివారం కూర

కొండగట్టు కింద కొబ్బరికాయల దుకాణం నడిపే ఒకామె, పోయిన చలికాలం ఓ పగ్ పిల్లను కొంగులో చుట్టుకొని వచ్చింది. ఏడు నెలలదట. చూస్తే మూడు నెలల పిల్లంత ఉంది.

"గోడకు తల ఆనిచ్చి అట్లనే నిలవడ్తది సారూ. సొంగ కారుతది. గాలి సోకిందంటున్నరు."

"ఎప్పుడెప్పుడు?"

కాసేపు ఆలోచించింది. "ఆదివారం రాత్రే."

మంగళ, శనివారాలు అంజన్న వారాలు, ఆ ఇంట్లో నీసు ముట్టరు. ఆదివారం మటన్ వండితే మిగిలిన ముక్కలన్నీ పిల్లకే. జబ్బు సగం అక్కడే దొరికింది నాకు. కోరుట్ల వెటర్నరీ కాలేజీ పిల్లలు ఎవరు కలిసినా ఇదే చెబుతాను: స్కానింగ్ తర్వాత, ముందు తిండి సంగతి అడగండి.

పేగుల రక్తం పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికి చేరాలి. మాంసం అరిగేటప్పుడు పుట్టే అమోనియా అక్కడే యూరియాగా మారుతుంది. కొన్ని పిల్లలకు పుట్టుకతోనే ఒక అడ్డదారి నాళం ఉంటుంది. గండి పడిన కాలువ నీళ్లు మడి తడపకుండా వాగులో కలిసినట్టు, రక్తం కాలేయాన్ని తప్పించుకొని పోతుంది. ఆ విషం మెదడుకెక్కుతుంది. నీరందని మడిలా కాలేయం ఎదగదు, పిల్లా ఎదగదు. దీన్నే షంట్ అంటాం.

అమోనియా పరీక్షకు రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు చేర్చాలి. మా దగ్గర అది కష్టం. అందుకే బైల్ యాసిడ్స్ నమ్ముకుంటాను. 12 గంటలు పస్తుంచి ఒకసారి, కొద్దిగా తినిపించి 2 గంటలకు మరోసారి రక్తం తీయాలి. దుకాణం మూసేసి ఆమె ఆ రెండు గంటలూ బెంచీ మీదే కూర్చుంది. పిల్ల ఆమె అరచెయ్యి నాకుతూనే ఉంది. రెండోసారి విలువ 25 దాటితేనే అనుమానించాలి. దీనికి 100 దాటింది.

చాలా ఏళ్ల కింద సొంగ కారుస్తున్న ఓ నాటు పిల్లిని తెచ్చారు. బల్లిని తిన్నదేమో అనుకొని మందిచ్చి పంపాను. బతకలేదు. దాని కళ్లు రాగిరంగులో మెరిసేవి. షంట్ ఉన్న పిల్లుల్లో ఆ రంగు తరచూ కనిపిస్తుందని తర్వాత చదివాను. ఆ కళ్లు ఇప్పటికీ మరుపుకు రావు.

పగ్ పిల్ల లాక్టులోజ్ మీద, పెరుగన్నం మీద తేరుకుంది. నాళం ఎక్కడుందో తేల్చే సీటీ స్కాన్‌కు పట్నం పోవాలి. చిన్న జాతుల్లో అది ఎక్కువగా కాలేయం బయటే ఉంటుంది, ఆపరేషన్‌కు ఆశ ఉంది.

మొన్న కలిసినప్పుడు మటన్ పెట్టడం లేదు కదా అని అడిగాను.

"మేమే వండుతలేం సారూ. అది చూస్తుంటే ఎట్ల తింటం?"