గాలి దారి తప్పని గది

వరంగల్ కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. ఆ తరం కట్టడాల్లో మంచి గది అంటే ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, పైన తిరిగే ఫ్యాను. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరికి అది సరైన కట్టుబడే. అంటురోగాల క్రిములతో పనిచేసే గదికి వచ్చేసరికి మాత్రం ఆ సుగుణాలన్నీ తిరగబడతాయి. కిటికీ గాలి ఎటు వీస్తే క్రిమి అటు పోతుంది. ఫ్యాను సుడి పుట్టిస్తుంది. గోడకూ కప్పుకూ మధ్య సన్నని బీట కూడా దారే అవుతుంది. మనిషి హాయి కోసం కట్టిన గదిని గాలిని అదుపు చేసే గదిగా మార్చడంలో ఎంత పనితనం ఉందో దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.

2020లో తెలంగాణలో కరోనా ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలు మొదలుపెట్టిన తొలి ప్రభుత్వ ల్యాబుల్లో ఈ కళాశాల వైరాలజీ ల్యాబ్ ఒకటి. అంతకుముందు నమూనాలు హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వచ్చేది. పరీక్షకు రెండో స్థాయి రక్షణ, అంటే బీఎస్ఎల్-2 సరిపోతుంది. స్వాబ్ నమూనాను మొదట్లోనే గ్వానిడిన్ ఉన్న ద్రావణంలో కలుపుతారు. వైరస్ పొర చితికి, దాని ఆర్‌ఎన్‌ఏ మాత్రం మిగులుతుంది. ఆ తరువాత ట్యూబులో ఉన్నది చచ్చిన సరుకు. వైరస్‌ను బతికించి పెంచాలంటే లెక్క వేరు. హైదరాబాద్ హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ 2020 మే నెలలో రోగుల నమూనాల నుంచి కరోనా వైరస్‌ను ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాల్లో నిలకడగా పెంచగలిగింది. అలాంటి పనికి బీఎస్ఎల్-3 గది కావాలి. పాత ల్యాబును ఆధునికీకరించడంలో అసలు కష్టమంతా రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు ఎక్కడంలోనే ఉంది.

లోపలి నుంచి మొదలుపెడదాం. పనంతా జరిగేది బయోసేఫ్టీ క్యాబినెట్‌లో. ముందు అద్దం, దాని కింద చేతులు పట్టే సందు. ఆ సందు దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి వెళ్లి, పనిబల్ల అంచున ఉన్న జాలీలోకి దిగిపోతుంది. పై నుంచి వడకట్టిన గాలి నిదానంగా బల్ల మీదకు దిగుతుంది. లోపలికి పోయే గాలి మనిషిని కాపాడుతుంది, కిందికి దిగే గాలి నమూనాను కాపాడుతుంది. బాగా వాడుకలో ఉన్న ఏ2 రకంలో సుమారు 70 శాతం గాలి వడకట్టుకుని మళ్లీ బల్ల మీదకే వస్తుంది, మిగతా 30 శాతం మరో ఫిల్టర్ దాటి బయటికి పోతుంది. మనిషికీ క్రిమికీ మధ్య తలుపు లేదు, ఉన్నది గాలి తెర ఒక్కటే. అందుకే అనుభవమున్న టెక్నీషియన్ చేతులు లోపల పెట్టాక గాలి కుదురుకునేదాకా కాసేపు ఆగుతారు. జాలీ మీద కాగితం ముక్క కూడా పెట్టరు. చేతులు అడ్డంగా విసరరు. క్యాబినెట్ పైనే స్ప్లిట్ ఏసీ బిగించిన పాత ల్యాబుల్లో ఆ ఏసీ గాలే ఈ తెరను చింపేయగలదు. కాబట్టి కొత్త యంత్రం కొనేముందు అది ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి.

ఇక హెపా ఫిల్టర్. సన్నని గాజు పోగులతో చేసిన కాగితాన్ని మడతలు మడతలుగా పేర్చి చట్రంలో బిగిస్తారు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 99.97 శాతాన్ని అది పట్టేయాలి. కరోనా వైరస్ సుమారు 0.1 మైక్రాన్, మరి అది జారిపోదా? పోదు. పెద్ద రేణువులు పోగులకు నేరుగా తగులుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పోగుకు అంటుకుంటాయి. అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనవి మధ్య పరిమాణంలో ఉన్నవే. ఫిల్టర్‌ను ఆ బలహీనమైన చోటే పరీక్షించి ముద్ర వేస్తారు. తన పనిని తానే అత్యంత కఠినంగా కొలుచుకునే పద్ధతి ఇది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

క్యాబినెట్ చుట్టూ గది. గది ముందు చిన్న గది, దాని ముందు వరండా. వరండా కన్నా ముందుగదిలో, ముందుగది కన్నా ల్యాబులో గాలి పీడనం తక్కువ ఉంచుతారు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో నీరు ఎగువ నుంచి దిగువకే పారినట్టు, ఇక్కడ గాలి ఎప్పుడూ వరండా నుంచి ల్యాబు వైపే సాగుతుంది. మెట్టుకు మెట్టుకు తేడా సాధారణంగా 12.5 పాస్కల్స్. నీటి మట్టంలో చూస్తే మిల్లీమీటరు పైన మరో పావు. ఇంత సన్నని తేడాను పగలూ రాత్రీ, తలుపు తీసినా మూసినా నిలబెట్టాలి. అందుకే రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోకుండా వాటికి ఇంటర్‌లాక్ ఉంటుంది.

పాత భవనం సత్తా తేలేది ఇక్కడే. ఎంత గట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినా గదికి చిల్లులుంటే పీడనం నిలవదు. చిల్లులు కూడా కనబడే చోట ఉండవు. గోడలో దాచిన కరెంటు పైపునే తీసుకోండి. ఒక గది స్విచ్ బోర్డు వెనక మొదలై పక్క గది స్విచ్ బోర్డు వెనక తేలుతుంది. వైర్ల మధ్య ఖాళీ అంతా గాలికి దారి. ఓపికగల పనివాడు ఆ పైపు చుట్టూ మాత్రమే పూసి ఊరుకోడు, పైపు లోపల వైర్ల సందుల్లోనూ సీలెంట్ నింపుతాడు. ఫాల్స్ సీలింగ్ పలకలు తీసేసి అతుకులేని కప్పు వేస్తారు. నేలా గోడా కలిసే మూలను గుండ్రంగా తీర్చి ఎపాక్సీ పూస్తారు, తుడిచే గుడ్డకు అందని చోటు ఉండకూడదని. ఇదంతా మొదలుకావడానికి ముందే పాత గదిని హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితోనో ఫార్మలిన్‌తోనో శుద్ధి చేయాలి. ఆ శుద్ధి సాక్ష్యం చూశాకే మేస్త్రీ లోపల సుత్తి పట్టాలి.

గాలి లెక్క కూడా బరువైనదే. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలనుకుంటే 864 ఘనపు మీటర్లు కావాలి. చల్లబరిచి, తేమ తీసిన ఆ గాలిని మళ్లీ వాడరు, వడకట్టి బయటికి వదిలేస్తారు. మే ఎండలోనూ, శ్రావణం ముసురులోనూ ఈ పని ఆగకూడదు. కరెంటు పోతే వచ్చే చిక్కు ఇంకా సున్నితం. గాలిని లోపలికి తోసే ఫ్యాను తిరుగుతూ, బయటికి లాగే ఫ్యాను ఆగితే గది ఉబ్బి, గాలి వరండాలోకి తన్నుకొస్తుంది. కాబట్టి లాగే ఫ్యాను బలం తగ్గిన క్షణంలోనే తోసే ఫ్యాను ఆగిపోయేలా అమరుస్తారు. జనరేటర్ అందుకున్నాక ముందు లాగేది, తరువాతే తోసేది. ఈ వరుసను పరీక్షించడానికి కావాలనే కరెంటు తీసి, తలుపు సందు దగ్గర పొగ వదిలి చూస్తారు. పొగ లోపలికే వంగాలి.

వ్యర్థాలు బయటికి వచ్చే దారి ఆటోక్లేవ్. గోడలో బిగించిన దీనికి ల్యాబు వైపు ఒక తలుపు, బయటివైపు ఒక తలుపు. 121 డిగ్రీల ఆవిరి పని పూర్తయితే తప్ప బయటి తలుపు తెరుచుకోదు. దీన్ని రూపొందించినవారు మరో సంగతి పట్టించుకున్నారు. ఆవిరి నిండేముందు పెట్టెలోని గాలిని తోడేయాలి, ఆ గాలి ఇంకా శుద్ధి కాలేదు. దానికీ ఒక ఫిల్టర్ పెట్టారు. పని నిజంగా జరిగిందా అన్నదానికి యంత్రం మాట చాలదు. వేడికి మొండిగా నిలబడే జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా బీజాలను సరుకు మధ్యలో పెడతారు. అవి చస్తేనే మిగతావన్నీ చచ్చాయని ఒప్పుకుంటారు.

చివరిది మురుగు పైపు. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ దగ్గర పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చింది. అక్కడే ఆ వైరస్ మీద పరిశోధన సంస్థ ఒకటి, టీకా కర్మాగారం ఒకటి ఉన్నాయి. విచారణ పాత భూగర్భ మురుగు పైపుల వైపు వేలు చూపింది. వాటిలో పగుళ్లున్నాయి, చెట్ల వేళ్లు చొచ్చుకొచ్చాయి, మ్యాన్‌హోళ్ల మూతలు బిగువుగా లేవు. ఆ జులైలో కురిసిన భారీ వానలకు నేల నాని, అక్కడ జరుగుతున్న నిర్మాణాల వాహనాలు మట్టిని బయటికి మోసి ఉండొచ్చని నిపుణులు తేల్చారు. ఆ తరువాత అక్కడ ప్లౌరైట్ భవనం పేరుతో కొత్త ప్రయోగశాల కట్టారు. అందుకే ఆధునికీకరణ పట్టికలో నేను ముందు వెతికేది మురుగు పైపు పేరే. మురుగును ట్యాంకులో పట్టి వేడితో చంపి వదిలే ఏర్పాటు, పైపును కంటితో చూడగలిగే చోట నడపడం, ఈ రెండూ లేకపోతే పై అంతస్తులోని ఖరీదైన యంత్రాలకు అర్థం తగ్గిపోతుంది.

2021 అక్టోబర్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల మిషన్‌లో తొమ్మిది బీఎస్ఎల్-3 ల్యాబులకు చోటు దక్కింది. కట్టడానికి డబ్బు రావడం సంతోషమే. అయితే ఫిల్టర్‌కు అతుకు దగ్గర లీకు ఉందా అని నూనె తుంపరలు వదిలి ప్రతి ఏడూ చూడాలి, తలుపు రబ్బరు మార్చాలి, మీటర్లను సరిచూడాలి. ఆ పని చేసే ఏసీ మెకానిక్కులు, ప్లంబర్లు, బయోమెడికల్ ఇంజనీర్లు మన జిల్లాల్లో కొద్దిమందే. మీ ఊళ్లో కొత్త ల్యాబు ప్రారంభమైందని విన్నప్పుడు అధికారులను ఒక మాట అడగండి: దీని నిర్వహణకు ఏటా ఎంత కేటాయించారు, ఆ పని తెలిసినవాళ్లను ఎక్కడ తయారు చేస్తున్నారు?