నల్లద్దం వెనక కనిపించే పని

వెల్డింగ్ షాపుల్లో ఎప్పటినుంచో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. షీల్డు పట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, పెయింటు గీకి, క్లాంపు సరిచూసుకుంటూ కూర్చుంటే పని సాగదని, సాయంత్రానికి గేటు అప్పజెప్పాల్సిన వాడికి అంత తీరిక ఉండదని. ఇది పూర్తిగా తప్పు. ఆర్క్ వెల్డింగ్‌లో ఒంటిని కాపాడే అలవాట్లే అతుకునూ గట్టిపరుస్తాయి. జాగ్రత్త వేరు, పనితనం వేరు అని విడదీసి నేర్పడం వల్లే మన కుర్రాళ్ళు రెండింటా నష్టపోతున్నారు.

రాడ్ కొసకూ ఇనుముకూ మధ్యనున్న ఆ చిన్న సందులో సుమారు 6,000 డిగ్రీల వేడి పుడుతుంది. ఇనుము కరగడానికి 1,500 డిగ్రీల పైచిలుకు చాలు. అలా కరిగిన లోహానికి గాలే శత్రువు. ఆక్సిజన్, నైట్రోజన్ అందులో కలిస్తే అతుకు పెళుసుబారుతుంది, లోపల బుడగలు పడతాయి. రష్యాలో బెనార్దోస్ 1880లలో కర్బన కడ్డీతోనూ, స్లావ్యనోవ్ 1888లో లోహపు కడ్డీతోనూ ఆర్క్ వెలిగించి అతికించారు గానీ గాలి బెడద మాత్రం తీరలేదు. 20వ శతాబ్దం తొలి దశకంలో స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెరి కడ్డీకి పూత పూశాక దారి దొరికింది. ఆ పూత కాలి వాయువై గాలిని దూరంగా నెడుతుంది, కరిగి స్లాగ్‌గా మారి వేడి అతుకును కప్పుతుంది, ఆర్క్‌ను నిలకడగా వెలగనిస్తుంది. మన షాపుల్లో పన్నెండు నంబరు, పది నంబరు, ఎనిమిది నంబరు అని అడిగి తీసుకునే రాడ్లు, అంటే దాదాపు 2.5, 3.15, 4 మిల్లీమీటర్లవి, అన్నీ ఆ పూత సంతానమే.

ముందు చూపు సంగతి. రోడ్డు పక్క షాపుల్లో కుర్రాళ్ళు మామూలు నల్ల కళ్ళజోడు పెట్టుకునో, అదీ లేకుండా రాడ్ తగిలించే క్షణంలో ముఖం పక్కకు తిప్పుకునో వెల్డింగ్ కొట్టడం చూస్తుంటాం. కంటికి జరిగే హాని అటుంచండి, అసలు వాళ్ళకు తాము చేస్తున్న పని కనిపించదు. చేతి అలవాటు మీద అలా లాక్కుంటూ పోతారు. లోహం రెండు ముక్కల మీదా కూర్చుందో, ఒకదాని మీదే కుప్పపడిందో స్లాగ్ కొట్టాక గానీ తెలియదు. 10 లేదా 11 నంబరు నల్లద్దంలోంచి చూస్తే చుట్టూ అంతా చీకటైపోయి, ఒక్క ఆర్కూ దాని వెనకే కరిగిన ఇనుము మడుగూ కనిపిస్తాయి. వెల్డర్ చదవాల్సింది ఆ మడుగునే. దాని అంచు రెండు పలకల్నీ ఒకేలా తడుపుతూ సాగుతుంటే లోహం లోపలికి దిగుతున్నట్టు లెక్క. మెరిసే ఇనుముకూ దాని మీద తేలే స్లాగ్‌కూ తేడా కంటికి అందిన రోజున కుర్రాడు వెల్డర్ అవుతాడు. స్లాగ్ ఆర్క్‌ను దాటి ముందుకు పరుగెత్తిందంటే అతుకులోనే చిక్కుకుపోతుంది. అప్పుడు రాడ్‌ను ఇంకాస్త దగ్గరగా పట్టి, వేగం పెంచి దాన్ని వెనక్కి నెట్టాలి. చూడకుండా కొట్టేవాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఆ వెలుగును నేరుగా చూసిన కంటికి అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలు గడిచాక, చాలాసార్లు సరిగ్గా పడుకునే వేళకు, ఇసుక పోసినట్టు మంట, ఆగని నీరు, దీపం కూడా చూడలేని బాధ మొదలవుతాయి. అతినీలలోహిత కిరణాలకు నల్లగుడ్డు పైపొర కమిలిపోయిందన్నమాట. బంగాళదుంప ముక్కలు, చనుబాలు అంటూ ఇరుగుపొరుగు తలో వైద్యం చెబుతారు. కంట్లో ఏదీ వేయకూడదు. మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ వేసుకుని, వెలుగులేని గదిలో పడుకుని, వీలైనంత త్వరగా కంటి డాక్టరుకు చూపించుకోవాలి. మందుల షాపులో మొద్దుబార్చే చుక్కలు కొని పదేపదే వేసుకునేవాళ్ళున్నారు. నొప్పి తెలియకుండా పోతుంది గానీ పైపొర మానకుండా పోతుంది. షీల్డు వెల్డర్‌కు ఒక్కడికే కాదు, ముక్క పట్టుకుని పక్కన కూర్చున్న హెల్పర్‌కూ ఉండాలి. ఆ కుర్రాడికి జరిగే అన్యాయం గురించి మనం ఎక్కడా మాట్లాడుకోం.

ఇక చేతి పని. రాడ్‌ను ఇనుము మీద గీరి వెంటనే కొద్దిగా ఎత్తితే ఆర్క్ నిలుస్తుంది. ఎత్తడం ఆలస్యమైతే అతుక్కుపోతుంది, ఎక్కువ ఎత్తితే ఆరిపోతుంది. రాడ్ లోపలి తీగ ఎంత లావుంటే దాదాపు అంత దూరమే ఉండాలి ఆర్క్. రాడ్ కరుగుతూ పొట్టిదవుతుంటుంది కాబట్టి చేయి ముందుకే కాదు, కిందికీ దిగుతూ ఉండాలి. కొత్తవాళ్ళకు చేయి తిరగనిది ఇక్కడే. కరెంటు సరిపోయి, దూరం కుదిరితే నూనెలో గారెలు వేగుతున్నట్టు చిటపటలాడే చప్పుడు ఆగకుండా వస్తుంది. దూరం పెరిగితే ఆ చప్పుడు చెదిరి, చుక్కలు చుట్టూ చిందుతాయి, పొగ పెరుగుతుంది, అతుకులో బుడగలు పడతాయి. అంటే ఆర్క్ పొట్టిగా ఉంటే అతుకూ బాగుంటుంది, ఊపిరితిత్తులకూ మేలు. పన్నెండు నంబరుకు 60 నుంచి 90 ఆంపియర్లు, పదికి 90 నుంచి 130, ఎనిమిదికి 140 నుంచి 180 వరకు పెట్టుకోవచ్చు. తొందరగా అయిపోతుందని కరెంటు పెంచితే అంచుల వెంట గాడి పడి, అసలు పలకే బలహీనపడుతుంది.

రాడ్‌ను సాగే వైపు కాస్త వాల్చి, లాగుతున్నట్టు పట్టాలి. మందం 6 మిల్లీమీటర్లు దాటితే అంచుల్ని గ్రైండర్‌తో ఏటవాలుగా చెక్కాల్సిందే, లేకపోతే లోహం పైపైనే అతుకుతుంది. పల్చటి చదరపు పైపులతో గేటు చేసేటప్పుడు ఒకేవైపు నుంచి కొట్టుకుంటూ పోతే ఫ్రేము వంకర తిరుగుతుంది. ముందు నాలుగు మూలలా టాక్, అంటే చిన్న చుక్క అతుకు, వేసి, మూలమట్టం పెట్టి చూసి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొట్టాలి. ఒక వరస మీద ఇంకో వరస వేసేముందు స్లాగ్ పూర్తిగా రాలగొట్టి, వైరు బ్రష్ పట్టాలి. వేడి స్లాగ్ పెంకు కంట్లోకే ఎగురుతుంది కాబట్టి ఆ సుత్తి దెబ్బకు తెల్ల కళ్ళద్దాలు కావాలి.

రాడ్ తేమ గురించి మన కోస్తా ఊళ్ళలో ఎంత చెప్పినా తక్కువే. విప్పిన ప్యాకెట్టు వారాల తరబడి బల్ల మీద పడి ఉంటుంది. గేట్లకు, గ్రిల్స్‌కు వాడే 6013 రాడ్ కొంత ఓర్చుకుంటుంది. చెమ్మ పట్టిందనుకుంటే వంద డిగ్రీల పైచిలుకు వేడిలో ఆరబెడితే చాలు. మందపాటి దూలాలకు, బరువు మోసే చోట్లకు వాడే 7018 అలా కాదు. దాని పూతలో తేమ చేరితే అందులోని హైడ్రోజన్ ఇనుములోకి దిగుతుంది. అతుకు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులు గడిచాక లోపలే పగులుతుంది. అందుకే ఆ రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు కాల్చి, వెచ్చటి పెట్టెలో ఉంచి, కావలసినన్నే బయటికి తీయాలి. ఎండలో పరిస్తే చాలదు.

కరెంటు విషయంలో రెండు కనెక్షన్లను కలిపేసుకోవడం పెద్ద ప్రమాదం. పని ముక్కకు పెట్టే క్లాంపు వేరు, మెషిన్ బాడీకి వేసే ఎర్తింగ్ వేరు. మొదటిది లేకపోతే ఆర్క్ రాదు కాబట్టి ఎవరూ మర్చిపోరు. రెండోది లేకపోయినా పని జరిగిపోతుంది. ప్రాణం పోయేది దాని దగ్గరే. క్లాంపును వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగా, తుప్పు గీకిన ఇనుముకు బిగించాలి. కేబుల్ చాలలేదని చువ్వలూ యాంగిల్ ముక్కలూ ఒకదానికొకటి తగిలించి కరెంటు నడిపిస్తే ఆ దారంతా వేడెక్కుతుంది, బేరింగుల్లోంచో గొలుసుల్లోంచో పోతే అవి పాడవుతాయి, పైగా ఆర్క్ తడబడుతుంది. ఆర్క్ లేనప్పుడు రాడ్ కొస దగ్గర 50 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. పొడి చేతికి అది తెలియకపోవచ్చు. మే నెల ఎండలో చెమటతో తడిసి, ఇనుప ట్యాంకులో మోకాళ్ళ మీద కూర్చున్నవాడిని అదే చంపగలదు. పొడి గ్లౌజులతోనే రాడ్ మార్చాలి, కాళ్ళ కింద చెక్కో రబ్బరు మ్యాటో ఉండాలి. వైర్ల కొసలు చెక్కి ప్లగ్గులో దూర్చి పుల్లలతో బిగించడం, స్తంభం తీగకు కొక్కెం తగిలించడం ఎంత ఆలస్యమవుతున్నా చేయకూడదు.

బట్టలు నూలువే కావాలి, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

జి.ఐ. పైపుకు జింకు పూత గీకకుండా కొట్టిన రోజు రాత్రి చలి, జ్వరం, నోట్లో ఇనుము రుచి వస్తాయి. జింకు పొగతో వచ్చే జ్వరమది. దానికి బెల్లం, పాలు, అరటిపండు విరుగుడని అంటారు. అవి తిండిగా మంచివే, ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగను మాత్రం బయటికి తేలేవు. పూతను ముందే గ్రైండర్‌తో తీసేస్తే అతుక్కీ మేలే, కానీ ఆ దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. తల పొగలోకి వంచకుండా పక్కనుంచి పని చేయడం, గాలి వీపు వైపు నుంచి కాకుండా పక్కనుంచి వీచేలా కూర్చోవడం ఖర్చులేని పనులు. బ్రేకులు కడిగే క్లోరిన్ ద్రావకాల తడి ఉన్న ముక్క మీద ఆర్క్ వెలిగిస్తే విషవాయువు పుడుతుంది. అలాంటి ముక్కను నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే ముట్టుకోవాలి.

డీజిల్, పెట్రోల్, థిన్నర్ పట్టిన డ్రమ్ముకు వెల్డింగ్ పెట్టమని ఎవరు వచ్చినా, ఎంత ఇస్తామన్నా వద్దనండి. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే పేలుతుంది. అటువంటి ట్యాంకును ఆవిరితో శుభ్రం చేసి, గ్యాస్ లేదని మీటరుతో పరీక్షించే ఏర్పాటున్న చోటే ముట్టుకోవాలి. రవ్వలు పది మీటర్ల దాకా దొర్లుతాయి కాబట్టి గడ్డి, గోతాం, నూనె గుడ్డలు అంత దూరం జరపాలి. పని ముగిశాక కనీసం అరగంట ఆ చోటును కనిపెట్టుకుని ఉండాలి.

ఈ విద్య మన దగ్గర ఐ.టి.ఐ.ల్లో ఏడాది కోర్సుగా ఉంది. అంతకంటే ఎక్కువమంది మేస్త్రీ పక్కన కూర్చునే నేర్చుకుంటారు. గల్ఫ్‌కు వెళ్ళాలనుకునే కుర్రాడు 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ అతుకు వేసి చూపించాల్సిన పరీక్ష ఒకటుంది. అక్కడ మడుగును చదవడం వచ్చినవాడే నెగ్గుతాడు. ఆ చదువు నేర్పే శక్తి మన మేస్త్రీలకు నిండుగా ఉంది. కుర్రాడి చేతికి మొదటి రోజునే రాడ్‌తో పాటు నల్లద్దం ఇవ్వాలి.

గేటో షెడ్డో చేయించుకునే వారు రేటు బేరమాడేటప్పుడు ఈ రెండూ అడగండి. రంగు వేయకముందు ప్రతి అతుకు మీదా స్లాగ్ కొట్టించి చూపించమనండి. మీ ఇంటి ముందు పనిచేసే మేస్త్రీకీ హెల్పర్‌కూ షీల్డులు వచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వకండి.