తుపాకీ చెప్పిన కథ: ర్యాప్ గీతంలో రచనాశిల్పం

ర్యాప్ గీతాన్ని సాహిత్యంగా సమర్థించేవారు సాధారణంగా దాని వస్తువునే ముందు నిలుపుతారు. నల్లజాతి యువకుల పేదరికం, పోలీసుల హింస, వీధిజీవితం అందులో ఉన్నాయంటారు. ఈ సమర్థన గీతానికి గౌరవం తెచ్చినట్లు కనిపించినా, దానిని వార్తాకథనం స్థాయిలోనే ఉంచుతుంది. ఒకే వస్తువును వందమంది పాడినప్పుడు ఒక్క గీతమే ఎందుకు నిలిచిందో వస్తువు చెప్పలేదు.

న్యూయార్క్ ర్యాపర్ నాస్ 1996లో వెలువరించిన ‘ఇట్ వజ్ రిటెన్’ ఆల్బమ్‌లోని ‘ఐ గేవ్ యూ పవర్’ గీతంలో కథకుడు తుపాకీ. అచేతనం చేత మాట్లాడించడం తెలుగు పాఠకునికి కొత్త కాదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’లో పూలు మాట్లాడాయి. అయితే ఆ పూలు కేవలం బాధితులు. నాస్ తుపాకీ బాధితురాలు, హంతకి కూడా. చంపి చంపి విసిగిన తుపాకీ ఇక పేలకూడదని నిశ్చయించుకుంటుంది. తీరా అవసరం వేళ అది మొరాయించగా, పట్టుకున్నవాడు ఎదుటివాడి గుండుకు బలవుతాడు. హింసను నిరాకరించడమే మరొక మరణానికి కారణమైంది. కిందపడిన తుపాకీని మరొక చేయి అందుకుంటుంది. హింస తప్పన్న నీతిని గీతం ఎక్కడా వాచ్యం చేయదు. పరుల చేతిలో పనిముట్టుగా బతికే తుపాకీలో, దానిని పట్టిన యువకుడే ధ్వనిస్తాడు. అందుకే ప్రారంభంలోని మాటల్లో నాస్ తనను తుపాకీతో పోల్చుకోవడం అనవసరమనిపిస్తుంది. వ్యంగ్యంగా అందవలసినది అక్కడ ముందే వాచ్యమైంది.

ఇక ప్రాస. తెలుగు ప్రాసలో పాదాల రెండవ అక్షరపు హల్లు కలవాలి, అచ్చు మారవచ్చు. ర్యాప్‌లో తరచు దీనికి విపర్యయం: ఊనిక పడిన అచ్చులు కలిస్తే చాలు, హల్లులు మారినా చెవి ఒప్పుకుంటుంది. 1987లో ఎరిక్ బి.తో కలిసి ‘పెయిడ్ ఇన్ ఫుల్’ వెలువరించిన రకీమ్ ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నాడు. ప్రాసను పాదాంతం నుంచి పాదమధ్యానికి తెచ్చాడు; వాక్యాన్ని పాదం దాటించి నడిపాడు. తిక్కన పద్యాలలో వాక్యం పాదాన్ని దాటే తీరు ఎరిగినవారికి ఇందులోని బిగువు వెంటనే తెలుస్తుంది. తాళం ఒకచోట ఆగమంటుంది, అర్థం ఆగనివ్వదు. ప్రాసల సంఖ్యను లెక్కించి కవిని కొలిచేవారు ఈ పెనుగులాటను గమనించరు.

అచ్చులో ఇది సగమే నిలుస్తుంది. 2010లో యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ర్యాప్ సంకలనంలో, విని రాసుకున్న పాఠాలలో దోషాలున్నాయని విమర్శ వచ్చింది. ఒక మాట తప్పుగా వింటే అర్థంతోపాటు అచ్చుల కూర్పూ చెదురుతుంది. కనుక ర్యాప్ గీతంపై పరిశోధన చేసేవారు తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారిలాగే ముందుగా పాఠనిర్ణయం చేసుకోవాలి. ఇక్కడ మూలప్రతి గాయకుని గొంతే.