చేతికూలి లేని పద్దు

కరివేపాకు అమ్మి ఇల్లు గడిపినవాళ్లను నేనెక్కడా చూడలేదు. మా విశాఖ కూర్మన్నపాలెం జంక్షన్‌లో కూరగాయల బండి దగ్గర వంకాయలు తూయించుకుని సంచీ చాపితే అడక్కుండానే రెండు రెబ్బలు పడతాయి. కొసరు కింద వచ్చేదానికి ధరేమిటి? పెరట్లో చెట్టున్నవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ఇరుగుపొరుగుకు పంచగా మిగిలింది అమ్ముదామనుకుంటే, "ఏటి పిన్నీ, పెరట్లో ఆకుక్కూడా డబ్బులేనా?" అని పక్కింటి పిల్ల నవ్వేస్తుంది. అదే ఆకును పొడికొట్టి పావుకిలో డబ్బాకెత్తితే ఆ పిల్లే ధర అడిగి మరీ కొంటుంది, వాళ్లమ్మకు ఇంకో డబ్బా పట్టుకుపోతుంది.

పెరటి సరుకు అమ్మి పచారీ ఖర్చులో కొంతైనా రాబట్టుకుందామనుకునే ఆడవాళ్లు నన్నడిగితే, పచ్చి సరుకు జోలికి పోవద్దనే చెబుతాను. బెండకాయ మనింట్లోనే వండుకుంటే దుకాణంలో పెట్టాల్సిన డబ్బు మొత్తం మిగులుతుంది. దాన్నే అమ్మబోతే టోకు ధర వస్తే గొప్ప. పైగా మిద్దె మీద కుండీల్లో కాసేవి ఒకరోజు దోసెడు, మర్నాడు నాలుగు. కొనేవాళ్లకు కూరకు సరిపడా కావాలి కదా. కాబట్టి కూరగాయలు ఇంటికే. మామిడి, ఉసిరి, చింతకాయ, గోంగూర, కరివేపాకులాంటివి ఒక్కసారిగా విరగకాసి చేతికి మించిపోతాయి. అమ్మితే వాటినే అమ్మాలి, అదీ నిలవ సరుకు చేశాక. సాయంత్రానికి వాడిపోయేదాన్ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు బేరంలో ఎప్పుడూ ఓడిపోతారు.

ఉన్నదున్నట్టు అమ్ముకోవడానికి చోటే లేదా అంటే, ఉంది. 1999 జనవరి 26న రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. మాకు దగ్గర్లో గాజువాకలో ఒకటుంది. దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని పెట్టిన ఏర్పాటది. టోకు ధర కన్నా ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా తక్కువ ఉండేలా రోజూ బోర్డు మీద రేటు రాస్తారు. అయితే అక్కడ కూర్చోవాలంటే ఫలానా పంట సాగు చేస్తున్నారని అధికారులు తేల్చి ఇచ్చిన గుర్తింపు కార్డు ఉండాలి. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన చోట ఒక్క మునగచెట్టున్న ఆవిడ ఏ లెక్కన రైతు? డ్వాక్రా సంఘం పేరు మీదైతే ఏమైనా దారి దొరకొచ్చు. ఇందులో అన్యాయం ఉందని నేననను. అరెకరం వంగతోట మీద బతికే మనిషి చోటు మన దోసెడు కాయలకెందుకు?

మా పెరట్లో కరివేపాకు పెత్తనం 2014 అక్టోబరు 12 తర్వాత మొదలైంది. ఆరోజు హుద్‌హుద్ తుపాను మా వీధిలో మునగచెట్లన్నిటినీ పెళపెళా విరిచేసింది. కరివేపాకు చెట్టూ పడింది గానీ, వేళ్లలోంచి పిలకలు లేచి చిన్న తోపయి కూర్చుంది. ఇక్కడ ఆకు కోయగానే వాడుకునే భాగ్యం లేదు. ఒకపక్క హైవే మీద లారీలు, ఇంకోపక్క ఫ్యాక్టరీలు. మొదటిసారి జాడించిన నీళ్లు బూడిదరంగులో దిగుతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పాత పంచె మీద పల్చగా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగు పోతుంది, వాసనా పోతుంది. మేడ మీద వదిలేస్తే సముద్రపు గాలికి సాయంత్రానికల్లా మళ్లీ చెమ్మెక్కుతుంది. ఆకులో మూడింట రెండు వంతులు నీళ్లే కాబట్టి గదినిండా పరిచింది చివరికి చేటెడవుతుంది. మూకుట్లో గలగలమనేదాకా వేయించి, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి, చింతపండు చేర్చి తిప్పితే మిక్సీ గిన్నెలో సగానికి రాదు. ఆ కడగడం, ఆరబెట్టడం, వేయించడం తప్పినందుకే పక్కింటి పిల్ల డబ్బిచ్చేది. ఉద్యోగానికి పోయి రాత్రికి ఇల్లు చేరే మనిషికి అది తక్కువ సాయమా?

ఆవకాయలోనూ అంతే. కాయ మనదే అయినా నువ్వులనూనె, కారం, ఆవాలు కొనాల్సిందే. ముక్కలు నాలుగు గిన్నెలైతే ఉప్పు, కారం, ఆవపిండి తలో గిన్నె. బెల్లం ఆవకాయ అడిగేవాళ్లకు అనకాపల్లి బెల్లం పడాలి. "బీపీ ఉందమ్మా, ఉప్పు తగ్గించి పెట్టు" అని కొందరు అడుగుతారు. వాళ్లను తక్కువ తినమంటాను గానీ ఉప్పు మాత్రం తగ్గించను. పులుపు, ఉప్పు, పైన తేలే నూనె కలిసి కాస్తేనే జాడీ ఏడాది నిలుస్తుంది. వీటిలో ఒకటి తగ్గితే వానాకాలంలో బూజే చెబుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 2019లో, ఇంట్లో పెట్టిన ఊరగాయలు అమ్ముకోనిస్తూ పులుపుకు ఒక కొలత పెట్టింది: పీహెచ్ 4.6 దాటకూడదు. డాలస్‌లో ఆవకాయ అమ్మే మనవాళ్లు ఆ అంకె చూసుకోవాలి. మనం మూడోనాడు తిరగగలిపి నాలుక మీద వేసుకుని తలాడిస్తాం.

అలాగని మనకు చట్టం లేదనుకోకండి. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఏడాది అమ్మకం రూ.12 లక్షలు దాటనివాళ్లకు లైసెన్సు అక్కర్లేదని, రిజిస్ట్రేషన్ చాలని చెప్పాయి. అప్పుడు పెట్టిన రుసుము ఏడాదికి రూ.100. నలుగురికిచ్చే పచ్చడికి ఇదంతా దేనికని విసుక్కుంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి కింద ధర రాశాక అది నలుగురికిచ్చే పచ్చడి కాదు.

ఈ వీధుల్లో పొడులు, పచ్చళ్లు, జంతికల అట్టబోర్డులు, నా కంటికి ఆనినంతలో, గత కొన్నేళ్లలోనే పెరిగాయి. ఉక్కు కర్మాగారాన్ని అమ్మొద్దంటూ ఈ జంక్షన్‌లోనే 2021 ఫిబ్రవరిలో రిలే నిరాహార దీక్షల శిబిరం వెలిసింది. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ నాలుగేళ్లూ ఇక్కడి ఇళ్లలో నెలాఖరు మాట ఎత్తితే గొంతు తగ్గించేవారు. గేటుకవతల కొలువు ఊగిసలాడుతుంటే గేటుకివతల మూకుళ్లు పొయ్యెక్కడంలో వింతేముంది? ఈ సంపాదనతో ఫీజులు కట్టలేం, వాయిదాలు తీర్చలేం. పప్పూ నూనే కొనడానికి మాత్రం జీతం డబ్బు ముట్టుకోనక్కర్లేదు. అంతవరకే ఆశపడాలి.

నాకు పడనిదల్లా ఈ ఇళ్లలో రాసుకునే పద్దు. మా ఆయన చిత్తుపుస్తకంలో నూనె, కారం, గ్యాసు, డబ్బా ఖర్చు వరసగా రాసి, కింద గీత గీసి, "పర్లేదే, బానే మిగిలింది" అంటారు. ముక్కలు ఒక్కొక్కటే తుడిచి, జీడి తీసి, టెంక పొర గీకి, ఆవాలు దంచి, నడుం పట్టేసిన రోజు ఆ పుస్తకంలో ఎక్కడా కనపడదు. అదే ఆయన చూసే మిగులు. ఉపాధి హామీలో మన రాష్ట్రంలో 2024-25లో రోజు కూలి రూ.300. ఒకరోజు పనితో పది కిలోల ఆవకాయ తేలిందనుకుందాం. కిలోకు ముప్పై రూపాయలు నా చేతులకు రావాలి. ఈసారి ఆ వరస నేనే రాశాను.

ధర విని కొందరు మొహం ముడుచుకున్నారు. "ఇంట్లో పెట్టిందే కదమ్మా" అన్నవాళ్లకు అరకిలో డబ్బా చూపించాను గానీ ముప్పై తగ్గించలేదు. ఖాళీ డబ్బా కడిగి తెచ్చిస్తే మాత్రం పది రూపాయలు తగ్గిస్తాను, అదీ మూత పారేసుకోకపోతేనే.