వ్యాధి పేరు – వెతుకులాట: టీకా ప్రభావ పరిశోధనలో భాషాసమస్య

ప్రజలు అంతర్జాలంలో వెతికే పదాల ఆధారంగా బాల్యపు టీకాల ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతికి 2016లో బాకర్, ఆయన సహపరిశోధకులు చేసిన చికెన్‌పాక్స్ అధ్యయనం ప్రముఖ ఉదాహరణ. ఈ వ్యాధి కేసులను తప్పనిసరిగా నమోదు చేయని దేశాలు అనేకం. ఆ లోటును గూగుల్ ట్రెండ్స్ పూరించగలదని వారు ప్రతిపాదించారు. వ్యాధి పేరు వెతుకులాట అనేక దేశాలలో ఏటా వసంతంలో పెరుగుతున్నది. 2004లో పిల్లలందరికీ టీకాను సిఫారసు చేసిన జర్మనీలో మాత్రం ఆ వార్షిక తరంగం క్రమంగా బలహీనపడింది. అధికారిక లెక్కలు లభించిన చోట వాటితో పోల్చి చూడటం ఈ అధ్యయనానికి బలం.

అయితే వెతుకులాట వ్యాధికి నేరుగా కొలమానం కాదు. 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012–13 చలికాలంలో అమెరికాలో ఫ్లూ తీవ్రతను వాస్తవం కంటే చాలా ఎక్కువగా అంచనా వేసింది, 2015లో నిలిచిపోయింది. జ్వరం వచ్చినవారే కాక, వార్త చదివినవారు కూడా వెతుకుతారు.

ఈ పద్ధతిలో అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. ఒక వ్యాధిని ఒక పదం సూచిస్తుందన్న భావన దీనికి పునాది. తెలుగులో ఆ పునాది నిలవదు. చికెన్‌పాక్స్‌ను ఆటలమ్మ, చిన్నమ్మవారు, అమ్మవారు అని వ్యవహరిస్తారు. వీటిలో ‘అమ్మవారు’ వ్యాధి పేరు కంటే ముందు దేవత పేరు. దసరా నవరాత్రులలో అలంకారాల కోసం వెతికే భక్తులను గణన యంత్రం రోగుల తల్లిదండ్రులుగా లెక్కించే ప్రమాదముంది. తట్టు అనే పదం ఒక వ్యాధి పేరే కాదు, తలుపు తట్టే క్రియ కూడా. ఇక రోమన్ లిపిలో తెలుగును టైపు చేసేవారు ఒకే పదాన్ని పలు వర్ణక్రమాలతో రాస్తారు. ఇంగ్లీషు పదాన్ని మాత్రమే గణిస్తే ఆ పేరు వాడని కుటుంబాలు లెక్కలోకి రావు.

భారతదేశపు సార్వత్రిక టీకా కార్యక్రమంలో చికెన్‌పాక్స్ టీకా ఇంకా చేరలేదు. కనుక నేటి వెతుకులాట భవిష్యత్తులో ‘టీకాకు పూర్వస్థితి’గా నిలుస్తుంది. ఆ స్థితిని తప్పుగా నమోదు చేస్తే తరువాతి పోలిక కూడా తప్పుతుంది. కాబట్టి వ్యాధినామాల ప్రాంతీయ భేదాలను, అర్థభేదాలను, లిపిభేదాలను ముందే సేకరించి వర్గీకరించాలి. మాండలిక అధ్యయనానికి, నిఘంటు నిర్మాణానికి చెందిన ఈ పని ప్రజారోగ్య పరిశోధనకు అనుబంధం కాదు, పూర్వాంగం.