తప్పు దిద్దే కన్ను

ఉత్తరాంధ్రలోని చోడవరం వంటి చెరకు ఊళ్లో జిమ్ ఎందుకని అడిగేవారున్నారు. పొలంలో వంగి చెరకు నరికేవాడికి వేరే కసరత్తు దేనికన్నది వారి వాదన. అందులో సగం నిజముంది. కానీ రోజంతా కొట్లో, ఆఫీసులో కూర్చునేవారు ఇక్కడా తక్కువేం కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల కసరత్తు పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఈ విద్య ఉత్తరాంధ్రకు కొత్తదీ కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామం నేర్పారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు.

అలాంటి బలానికి పునాది వేసేది శిక్షకుడి కన్ను. బరువు భుజాలకెత్తుకుని కూర్చుని లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరిగినా, నడుము గూనిలా వంగినా మంచి కోచ్ వెంటనే ఆపుతాడు; ప్లేట్లు తీసేసి, ఖాళీ రాడ్డుతో మళ్లీ మొదటి నుంచి చేయిస్తాడు. ఫీజు తీసుకుని ప్రొటీన్ పౌడరు డబ్బాలు అంటగట్టేవారూ ఉన్నారన్నది నిజమే. అందుకే నిజాయితీగా నేర్పేవాడి విలువ ఇంకా పెరుగుతుంది. చేరేముందు అద్దాలూ ఏసీలూ కాదు, కోచ్ ఎవరి తప్పునైనా దగ్గరుండి దిద్దుతున్నాడేమో చూడండి.